తడి లేని ఊదుగొట్టం

చంద్రపూర్‌లో లాల్‌పేట గనుల వైపు పోయే దారిలో, సైకిళ్ళ దుకాణం వెనక, రేకుల కప్పున్న గదిలో సుభాషిణి పుస్తెలు చేస్తుంది. ఊళ్ళో నగల దుకాణాలకు కొదవ లేదు. కానీ అక్కడ దొరికేది మరాఠీ వాళ్ళ మంగళసూత్రం. నల్లపూసల దండకు నడుమ చిన్న గిన్నెల్లాంటి రెండు బంగారు వాటీలు ఉంటాయి. గనుల్లో పనికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన తెలుగు వాళ్ళకు అది పెళ్ళికి పనికిరాదు. వాళ్ళకు రెండు బిళ్ళల పుస్తెలు కావాలి. బిళ్ళల అంచు చుట్టూ రవ్వలు కూడా ఉండాలి. అందుకే మాజ్రి నుంచీ విరూర్ నుంచీ పెళ్ళివాళ్ళు ఈ గది వెతుక్కుంటూ వస్తారు.

రవ్వ అంటే ఆవగింజలో సగం ఉండే బంగారపు గుండు. అటువంటివి ఒక్కో బిళ్ళ చుట్టూ ముప్పై రెండు పేర్చాలి. వెలిగారం పూసి, అతుకు పట్టించే టంకం రజను చల్లి, పక్కన నూనె దీపం పెట్టుకుని, వంకర తిరిగిన ఇత్తడి గొట్టంతో దాని మంటను బిళ్ళ మీదికి ఊదాలి. టంకం కరిగి పారాలి, రవ్వ మాత్రం కరగకూడదు. ఆ రెంటికీ నడుమ ఎడం ఒక్క ఊపిరే. ముక్కుతో పీల్చుకుంటూ, బుగ్గల్లో గాలి నిలుపుకుంటూ, తెగకుండా ఊదుతూ ఉండాలి. కాలితో తొక్కే గ్యాసు టార్చి మెట్టెలకూ గొలుసులకూ సరిపోతుంది. రవ్వపనికి దాని మంట మొరటు.

ఈ పని సుభాషిణికి పుట్టింటి నుంచి రాలేదు, మామ మల్లేశం నేర్పాడు. ఆయన కొడుకు, సుభాషిణి భర్త బాలకిషన్ ఉప్పర్వాహిలో సిమెంటు ఫ్యాక్టరీ పనికి పోతాడు. అతనికి చిన్నప్పటి నుంచీ కుంపటి ముందు కూర్చోవడం గిట్టదు. "నాకు కొడుకైతే పుట్టిండు గని, నా చెయ్యి పుట్టలే" అని మల్లేశం వచ్చినవాళ్ళందరితో అనేవాడు. చేయి వణకడం మొదలైన ఏడాది ఆయన కోడలిని పీట మీద కూర్చోబెట్టాడు. ఆడమనిషి పుస్తెలు చేస్తుందా అని అడిగినవాళ్ళకు, "కట్టుకునేది ఆడిది, చేస్తే ఏమైతది?" అన్నాడు. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పుస్తెల పనికి దీపం వెలిగించాక, అతుకు పట్టేదాకా చేసేవాళ్ళ నోట్లోకి మెతుకు గానీ నీటిచుక్క గానీ పోకూడదు. పెళ్ళివాళ్ళు అది ఉపవాసమనుకుని దండం పెడతారు. మల్లేశం చెప్పే కారణం వేరు. నోరు తడిగా ఉంటే ఉమ్మి గొట్టంలోకి దిగుతుంది. కొసకు చేరి మంటలో చిట్లి, రవ్వల మీద పడుతుంది. ఒక్క చుక్క పడితే పూట పని పాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మూడు ఊపిరులకోసారి గొట్టం దించి విదిలించుకోవాలి.

మొదటి ఏళ్ళలో సుభాషిణి అట్లాగే విదిలించుకుంది. దీపం చిటపటమంటే చాలు, మల్లేశం మంచం మీది నుంచే కేకవేసేవాడు. "ఏంది బిడ్డా, మంట మీదికి నల్లా ఇప్పినవా?" ఆమె నవ్వు ఆపుకోలేక దీపమే ఆర్పుకునేది.

ఏడో ఏడు గొట్టం తడి అవడం తగ్గింది. ఎనిమిదో ఏడు పూర్తిగా ఆగిపోయింది. ఒకరోజు పని అయ్యాక మల్లేశం సన్నని పుల్లకు పత్తి చుట్టి గొట్టంలోకి దూర్చి బయటికి లాగాడు. పత్తి పొడిగా వచ్చింది. మళ్ళీ దూర్చాడు. మళ్ళీ పొడే.

"నాకు ముప్పై ఏండ్లు పట్టింది గిట్ల కానీకి," అన్నాడు. "నీకు ఎనిమిదేండ్లకే వచ్చింది. ఇగ నువ్వు ఉస్తాద్‌వే."

ఆ రోజు ఆయన తన గొట్టం ఆమెకిచ్చేశాడు. వచ్చిన ప్రతి పెళ్ళివాళ్ళకూ ఆ పత్తి సంగతి చెప్పేవాడు. సుభాషిణి మాటలు తక్కువ మనిషి. అయినా ఆయన చెబుతుంటే తల వంచుకుని వినేది, ఆపమనేది కాదు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమెను ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు.

ఆ తర్వాత నాలుగేళ్ళలో ఒంట్లో వచ్చిన మార్పులకు ఆ ఇంట్లో ప్రతిదానికీ ఒక జవాబు సిద్ధంగా ఉండేది. అన్నం ముద్ద ముద్దకూ నీళ్ళు కావాలి. అది కుంపటి వేడి వల్ల. కళ్ళలో ఇసుక పోసినట్టు గరగర. అది దీపం వైపు రెప్పవేయక చూడడం వల్ల. వరసగా ఐదు పళ్ళు పుచ్చిపోయాయి. పళ్ళ డాక్టరు "నోరు ఎండిపోతుందా?" అని అడిగితే, "మా పని అట్లాంటిది, ఎండితేనే మంచిది" అని చెప్పింది. చెవుల కింద రెండు బుగ్గలూ ఉబ్బాయి. ఊదే మనిషికి బుగ్గలు రాకుండా ఎట్లా ఉంటాయి అన్నారు. మల్లేశానికీ ఒకప్పుడు ఉండేవి.

పక్కింటి బాలమ్మ మాత్రం ఊరుకోలేదు. ఈ జిల్లాలో పోక చెక్కా పొగాకూ సున్నమూ కలిపి నలిపే ఖర్రా ఆడా మగా తేడా లేకుండా నములుతారు. "ఏందే, మాకు తెల్వకుండ ఖర్రా పెట్టుకుంటున్నవా? రెండు దిక్కుల పెట్టినవ్, ఇంక మాట్లాడుడు ఎట్ల?" అని నవ్వింది.

"నాకెందుకు అక్కా ఖర్రా, నమిలితే మింగనీకి ఉమ్మి ఉండద్దా?" అంది సుభాషిణి. ఇద్దరూ నవ్వారు. ఏమన్నదో అప్పుడు ఆమెకే తట్టలేదు.

కుడి బుగ్గ ఎడమదానికంటే పెద్దదయ్యాక బాలకిషన్ ఆమెను ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఏం పని చేస్తావని ఆయన అడిగాడు. చెప్పింది. ఇంక ఆయన ఎక్కువ ఆలోచించలేదు. సన్నాయి ఊదేవాళ్ళకూ గాజు ఊదేవాళ్ళకూ ఇట్లా అవుతుంది, గాలి వెనక్కి తన్ని లాలాజల గ్రంథిలోకి పోతుంది, ఊదడం మానేస్తే తగ్గిపోతుంది అన్నాడు. అటువంటి జబ్బు ఉన్న మాట నిజమే. ఆయన చెప్పింది అబద్ధం కాదు, ఈమెకు వచ్చింది అది కాదు, అంతే.

సుభాషిణి గొట్టాన్ని గుడ్డలో చుట్టి గూట్లో పెట్టింది. ఎనిమిది నెలలు ముట్టలేదు. మెట్టెలు, గొలుసుల అతుకులు గ్యాసు టార్చితో చేసేది. పుస్తెల కోసం వచ్చినవాళ్ళను వాకిట్లోంచే పంపేసింది. వాళ్ళు రైలెక్కి మంచిర్యాల పోయి చేయించుకున్నారు. రెండు కుటుంబాలు దుకాణంలో దొరికే వాటీలే పెట్టి పెళ్ళి కానిచ్చాయి. ఆ సంగతి విన్న రోజు ఆమె అన్నం ముట్టలేదు.

బుగ్గలు తగ్గలేదు. కుడివైపు చేతికి గట్టిగా తగలడం మొదలైంది. అత్త సత్తమ్మ ఏడుస్తూ ఉండేది. ఖర్రా తినే ఊళ్ళో బుగ్గలో గడ్డ అంటే అందరికీ తెలిసిన జబ్బు ఒక్కటే. తినని మనిషికి కూడా వచ్చిందని తెలిసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే తీసేది. బాలకిషన్ సెలవు పెట్టి ఆమెను పెద్ద ఆసుపత్రిలో చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాడు.

ఆయన మాట్లాడకుండా ముందు చేతులతో చూశాడు. చెవి కింద నొక్కుతూ నోట్లోకి దీపం వేసి చూశాడు. గాలి చేరి ఉంటే నొక్కినప్పుడు కరకరమంటుంది, బుగ్గ లోపలి రంధ్రం నుంచి నురగ వస్తుంది. ఇక్కడ నురగ లేదు, అసలు తడే లేదు. సోనోగ్రఫీలో గ్రంథి నిండా మచ్చలు కనబడ్డాయి. గడ్డో కాదో తేలాలంటే ఎం.ఆర్.ఐ. తీయాలి అన్నాడు.

ఎం.ఆర్.ఐ. గది దగ్గర టెక్నీషియన్ అర్చన మాజ్రి అమ్మాయి. తండ్రి గనిలో పనిచేసేవాడు. కాగితం పట్టుకుని ప్రశ్నలన్నీ మరాఠీలో మొదలుపెట్టి, పేరు చూసి తెలుగులోకి తిరిగింది.

"ఒంటి మీద ఇనుము ఏమన్న ఉన్నదా ఆంటీ? గుండెల మిషిన్, ఆపరేషన్ల పెట్టిన రాడ్?"

"లేదు బిడ్డా."

"ఏం పని చేస్తరు?"

"ఔసల పని, బంగారం పని."

అర్చన కలం ఆపింది. "కండ్లల్ల ఇనుప రజను గిట్ల ఎప్పుడన్న పడ్డదా? గుర్తు చేసుకుని చెప్పున్రి. లోపల అయస్కాంతం ఉంటది, చిన్న ముక్క ఉన్నా గుంజుతది."

సుభాషిణి ఆలోచించింది. బంగారంతో భయం లేదు. కానీ బిళ్ళలు కొట్టే ఉక్కు అచ్చులను ఆకురాయితో రాసేది తనే. రెండేళ్ళ కింద కంట్లో ఏదో పడి మూడు రోజులు నీరు కారింది. అది చెప్పింది. అందరూ దాయకుండా చెప్పరని అర్చన ముందు కళ్ళకు ఎక్స్‌రే తీయించింది. ఏమీ లేదని తేలాకే గౌను ఇచ్చింది.

మెడలో పుస్తెల దగ్గర అర్చన కొంచెం తటపటాయించింది. "అది కూడ తీయాలె ఆంటీ. చానమంది ఏడుస్తరు. పసుపు కొమ్ము కట్టుకుంటరా? దారం ఉన్నది నా దగ్గర."

"కట్టు," అంది సుభాషిణి. పుస్తెలు తీసి తనే భర్త అరచేతిలో పెట్టింది. "బంగారం దానికి అంటది అనేనా?"

"అంటది కాదు. మెడ దగ్గర ఉంటే ఫోటో ఖరాబైతది."

"మరి గట్ల చెప్పు. పని ఖరాబైతదంటే నేను ఎందుకు ఏడుస్త?"

గొట్టంలాంటి ఆ యంత్రంలో అరగంట పడుకుంది. తల చుట్టూ చట్రం బిగించారు. చెవుల్లో దూది పెట్టినా సుత్తి దెబ్బల మోత ఆగలేదు. కదలకుండా ఉండడం ఆమెకు కష్టం కాలేదు, రవ్వపని చేసేవాళ్ళకు అది రోజూ ఉండేదే. సగంలో అర్చన బల్ల బయటికి లాగి, నాలుక మీద నిమ్మరసం పిండింది. పులుపు తగిలితే ఎవరికైనా నోరూరుతుంది, ఆ ఊరే నీళ్ళతో నాళాలు నిండి బొమ్మలో స్పష్టంగా కనబడతాయి. మళ్ళీ లోపలికి తోసి రెండో విడత తీశారు. నిమ్మరసం నాలుకను కోసినట్టయింది తప్ప సుభాషిణి నోరు ఊరలేదు.

బొమ్మ చదివే డాక్టరమ్మ ఆమెను లోపలికి పిలిచి తెర మీద చూపించింది. చదువుకున్నవాళ్ళకు చెప్పినట్టు గబగబా చెప్పకుండా, వేలు పెట్టి ఒక్కొక్కటి చూపించింది. ఈ రకం బొమ్మలో గాలి నల్లగా కనబడుతుంది, నీరు తెల్లగా మెరుస్తుంది. గ్రంథిలో గాలి చేరి ఉంటే నల్లని చారలు ఉండాలి. ఇక్కడ ఉన్నవి తెల్లని చుక్కలు, రెండు బుగ్గల్లోనూ, దవడ కింద ఉన్న గ్రంథుల్లోనూ. సన్న నాళాలు దెబ్బతిని, చివర్లలో నీరు బొట్లు బొట్లుగా నిలిచిపోయిన గుర్తులు అవి. నిమ్మరసం పోయక ముందూ పోశాకా తీసిన బొమ్మల్లో తేడా లేదు. కుడివైపు గట్టిగా తగిలింది కూడా గడ్డ కాదు, వాచిన గ్రంథే.

"క్యాన్సర్ కాదా?" అన్నాడు బాలకిషన్ మరాఠీలో.

ఇందులో ఆ లక్షణాలేవీ కనబడడం లేదంది డాక్టరమ్మ. ఇది షోగ్రెన్ అనే జబ్బులా ఉంది. ఒంటిని కాపాడే కణాలే దారి తప్పి లాలాజల గ్రంథుల మీదా కన్నీటి గ్రంథుల మీదా పడతాయి. బొమ్మ ఒక్కటే చూసి తేల్చకూడదు, రక్తపరీక్ష చేయాలి, కన్నీరు కొలవాలి. అన్నీ ఒకేమాట చెబితే అప్పుడు అది అదే. తర్వాత ఆమె సుభాషిణి వైపు తిరిగింది. నోరు ఎండడం ఎప్పటి నుంచి?

ఎప్పటి నుంచో సుభాషిణికి రోజుతో సహా తెలుసు. పత్తి పొడిగా వచ్చిన రోజు, మామ తన గొట్టం చేతిలో పెట్టిన రోజు.

"నాలుగేళ్ళు," అంది.

రక్తపరీక్ష వారానికి వచ్చింది, అదే చెప్పింది. కంటి రెప్ప కింద పెట్టిన కాగితం ఐదు నిమిషాల్లో మూడు మిల్లీమీటర్లు కూడా తడవలేదు. పూర్తిగా పోయే జబ్బు కాదు, మందులతో అదుపులో పెట్టుకోవాలి అన్నారు. నోరు ఊరడానికి ఒక మాత్ర, కంటికి చుక్కలు. గంటగంటకూ నీళ్ళు గుక్కెడు గుక్కెడు తాగాలి. ఏ పూటా నోరు ఎండనివ్వకూడదు. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో కొందరికి ఏళ్ళు గడిచాక ఆ గ్రంథిలోనే క్యాన్సర్ పుట్టవచ్చు కాబట్టి ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. గట్టిపడితే, ఒకవైపే పెరిగితే, ఆగకుండా రావాలి. ఊదవచ్చా అని ఆమె అడిగింది. ఊదడం వల్ల ఇది రాలేదు, మానితే తగ్గేదీ కాదు, నీళ్ళు తాగుతూ చేసుకో అన్నాడు చెవి ముక్కు గొంతు డాక్టరు.

బాలకిషన్ దారి పొడుగునా ఫోన్లలో క్యాన్సర్ కాదని అందరికీ చెప్పుకొచ్చాడు. ఇంట్లో సత్తమ్మ కొబ్బరికాయ కొట్టింది. సుభాషిణి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు మామ మంచం పక్కన కింద కూర్చుంది. మల్లేశానికి చూపు బాగా తగ్గింది, అలికిడి బట్టి పోల్చుకున్నాడు.

"ఏంది బిడ్డా, గండం గడిచిందన్నరు. మరి గిట్లున్నవేంది?"

"మామా, గొట్టం తడి కాకుంటయ్యింది నా పనితోని కాదు."

"మరి?"

"రోగం. నోట్లె ఉమ్మే లేకుంటయ్యింది. లేని ఉమ్మి గొట్టంలకు ఎట్ల దిగుతది? నువ్వు నన్ను ఉస్తాద్ అన్ననాడే నాకు రోగం మొదలైంది."

మల్లేశం మంచం మీద లేచి కూర్చున్నాడు.

"నాలుగేండ్లు అందరికి చెప్పుకున్న," అన్నాడు. "పత్తి పెట్టి గొట్టం జూసిన. నీ మొఖం జూడలే."

"నీదేం తప్పు. నేను సంబురపడ్డ. చెప్తుంటే వద్దనలే."

"గా పుస్తెలు మంచిగనే అతికినయ్ గద?"

"పొడి నోటితోని అతికినయ్. గది నా చెయ్యో రోగం చెయ్యో నాకెట్ల ఎర్క?"



వేసవి మొదట్లో విరూర్ నుంచి ఎల్లేష్ అనే రైతు తన తల్లి మల్లమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. చెల్లెలి పెళ్ళికి పుస్తెలు కావాలి. వాకిట్లోంచి పంపేస్తుందని బాలకిషన్ అనుకున్నాడు. సుభాషిణి లోపలికి రమ్మంది. గూట్లోంచి గొట్టం తీసి వేడినీళ్ళతో కడిగింది.

ముందు రాగిరేకు మీద చేసి చూసుకుంది. మాత్ర వేసుకున్న గంటకు నోట్లో కొంచెం తడి వస్తోంది. ఒంటికి చెమటా పడుతోంది, అది ఆ మాత్ర గుణం. పైగా నీళ్ళ గుక్కలు. ఐదో ఊపిరికే మంట చిట్లింది. నాలుగేళ్ళుగా వినని చప్పుడు. రవ్వలు జారి ఒకదాని మీదికొకటి ఎక్కాయి. గీకి, కడిగి, మళ్ళీ పేర్చింది. మళ్ళీ చిట్లింది. నాలుగు రోజులు రాగి మీదే చేసింది. మూడు ఊపిరులు, గొట్టం దించడం, విదిలించడం, గుడ్డతో కొస తుడవడం, మళ్ళీ మూడు ఊపిరులు. మంట తెగినప్పుడల్లా బిళ్ళ చల్లారుతుంది, మళ్ళీ మొదటి నుంచీ వేడెక్కించాలి. మొదటి ఏడాది నేర్చుకున్న పద్ధతే అది. నలభై ఆరేళ్ళ వయసులో మళ్ళీ అక్కడ మొదలుపెట్టింది. ఐదో రోజు రాగి బిళ్ళ మీద ముప్పై రెండు రవ్వలూ నిలిచాయి.

పుస్తెలకు దీపం వెలిగించే రోజు ఎల్లేష్, మల్లమ్మ పొద్దున్నే వచ్చి బొట్టు పెట్టి, టెంకాయ కొట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నారు. సుభాషిణి బిళ్ళకు వెలిగారం పూసి రవ్వలు పేర్చింది. మోకాలి పక్కన నీళ్ళ చెంబు పెట్టుకుంది. ఊదడం మొదలుపెట్టింది. మూడు ఊపిరులు. గొట్టం దించి విదిలించింది. చెంబెత్తి ఒక గుక్క తాగింది.

మల్లమ్మ ఉలిక్కిపడింది. "ఏందమ్మా గిది? పుస్తెలకు కూసొని నీళ్లు తాగుతున్నవ్? నా పుస్తెలు ఈ ఇంట్లనే అయినయ్. గప్పుడు మీ మామ పొద్దుగూకెదాక ఉమ్మి సుత మింగలే."

సుభాషిణి చేయి ఆగింది. మంట తెగి బిళ్ళ చల్లారుతోంది. చెంబు దించి పక్కకు జరిపింది. రోగమని చెబితే రోగిష్టిది చేసిన పుస్తెలు శుభకార్యానికి వద్దంటారని భయం. చెప్పకుండా నీళ్ళు మానేస్తే ఈ బిళ్ళ పూర్తయ్యేసరికి నాలుక పగులుతుంది.

"తాగనీ," అన్నాడు మల్లేశం మంచం మీది నుంచి.

"అదేంది అన్నా, మీ ఇంటి కట్టుబాటే గదా?"

"కట్టుబాటు పెట్టింది మా తాత. ఇయ్యాల తీసేసేది నేను. పిల్లకు నోరెండే రోగమున్నది. డాక్టర్లు మిషిన్ల పెట్టి జూసి చెప్పిన్రు. దాచుడెందుకు? నీళ్లు తాగుకుంటనే చేస్తది. నీకు గిట్టకుంటె మంచిర్యాల బండి పన్నెండు గంటలకున్నది."

మల్లమ్మ కొడుకు వైపు చూసింది. ఎల్లేష్ నేల చూశాడు. కాసేపటికి ముసలామె కొంగు సర్దుకుని, కూర్చున్నచోటే కొంచెం ముందుకు జరిగింది.

"అంటుకునే రోగమా?"

"కాదు పెద్దమ్మా," అంది సుభాషిణి.

"మరి ముందుగాల్నే చెప్పద్దా. గా ఒక్క చెంబు ఏడికి సరిపోతది?" వెనక్కి తిరిగి, "ఎల్లేషూ, నీళ్లు తేపో" అంది.

సుభాషిణి గొట్టం మళ్ళీ విదిలించి, కొస తుడిచి, మంట బిళ్ళ మీదికి తిప్పింది. మూడు ఊపిరులు. గుక్కెడు నీళ్ళు. మూడు ఊపిరులు. పగలు పన్నెండు దాటింది, రేకుల కింద గది మండిపోతోంది. ముందు చుట్టూ వెలిగారం ఉబ్బి అణిగింది. తర్వాత టంకం ఒకచోట మెరిసి, రవ్వ వెంట రవ్వగా అంచు చుట్టూ పారుతూ వచ్చి, మొదలైన చోటికి చేరింది. ఆమె మంట పక్కకు తీసింది. పట్టకారుతో బిళ్ళను నీళ్ళలో ముంచి, తుడిచి, మామ చేతిలో పెట్టింది.

మల్లేశం బొటనవేలి గోరుతో అంచు వెంట తడిమాడు. ఇరవై ఎనిమిదో రవ్వ దగ్గర వేలు ఆగింది.

"ఈడ టంకం కొద్దిగ ఎక్కువ పడ్డది," అన్నాడు.

"అవు మామా. ఆడ రెండుసార్లు మంట ఆగింది."

"అతుకు మంచిగ పట్టింది. ఎక్కువైంది రాసెయ్," అని బిళ్ళ తిరిగి ఇచ్చాడు.

సుభాషిణి ఒక గుక్క నీళ్ళు తాగి, ఆకురాయి అందుకుంది.